మర దగ్గర వేలాడే నవల

అత్లీస్కో ఊరి చివర
నాది మొక్కజొన్న మర.
తెల్లారకముందే బకెట్లు బారులు తీరతాయి.
సున్నపునీళ్లలో రాత్రంతా నానిన గింజలు,
వాటి వెనక నిద్ర చాలని ఆడవాళ్లు.

ఎవరో మర్చిపోయి వెళ్లిన నవల ఒకటి
చీపురు పక్కన పురికొసతో వేలాడదీశాను.
వంతు వచ్చేదాకా చదువుకోవచ్చు.
వస్తే ఆపెయ్యాలి,
ముద్దు మధ్యలో ఉన్నా సరే.

కథ నాకు వాళ్ల నోళ్ల మీదుగానే తెలుసు.
లిసాంద్ర అని ఒక వంటామె.
ఆమె గుమ్మడిపూల చారు తాగినవాడికి
మూడు రోజులు నీడ ఉండదట.
గడియారాలు బాగుచేసే అన్సెల్మో
రెండు గిన్నెలు తాగి, నీడని అక్కడే వదిలేసి
ఊరు దాటిపోయాడట.
దాన్ని వంటింటి మేకుకి తగిలించుకుని
పదిహేడేళ్లు వడ్డించిందట ఆమె.

"పదిహేడేళ్లు!" అంది రెఫుహియో,
"గిన్నెలు ఎవరు తోమారో ఒక్క పేజీలోనూ రాయలేదు.
నీడ తిన్న కంచమైనా కంచమే కదా."

సత్రంలో వండే ఎయులాలియాకి ప్రేమతో పని లేదు.
నూట నలభయ్యో పేజీలో చెప్పినట్టే చారు కాచి చూసింది.
"ఉప్పు రెండింతలు పడింది.
ఈ రాసినావిడ పొయ్యి ముందు నిలబడి కాచలేదు,
కుర్చీలో కూర్చుని కాచింది."
ఆ పేజీ అంచున ఇప్పటికీ
మిరపపండు రంగులో ఆమె బొటనవేలు.

యారెత్సీ దినుసుల పేరాలన్నీ
రాళ్లు దూకే మేకపిల్లలా దాటేస్తుంది.
అన్సెల్మో ఉత్తరం దగ్గర మాత్రం
ముక్కు ఎగబీలుస్తూ ఆగిపోతుంది.
ఆమె బకెట్‌ని వెనకవాళ్లే
కాలితో ముందుకు తోస్తారు.

లెక్కల మాస్టారు క్రిసోఫరో పెన్సిల్‌తో
మార్జిన్‌లో రాశాడు:
"నీడకి బరువు లేదు. మేకెందుకు?"
మర్నాటికి దాని కింద ఇంకెవరిదో రాత:
"మీకు పెళ్లయిందా మాస్టారూ?"

భార్య పోయాక ఎలెయుతేరియో
సగం బకెట్‌తోనే వస్తాడు.
వంట కొలతలు మాత్రమే చదువుతాడు,
గొంతులో గొంతుగా, ఉత్తరం చదివినట్టు.
"ఎలా ఉంది?" అంటే
"ఆమె పిడికెడు అనేది,
ఇక్కడేమో గ్రాములున్నాయి" అంటాడు.
బాగుందనో బాగాలేదనో తేల్చడు.

చదువు రాని నికానోరా అందరూ చెప్పింది వింటుంది.
ఒకరోజు అంది:
"ఇందులో వింతేముంది?
మా ఆయన గనిలోంచి రాలేదు, టోపీ వచ్చింది.
దాని ముందు కంచం పెట్టాను.
మీరు మాయ అంటున్నారు.
మా ఇంట్లో దాన్ని మంగళవారం అనేవాళ్లం."
కాసేపు మర ఒక్కటే మాట్లాడింది.

ఒక్క గింజ నలిపితే
కుండ సంగతి తెలుస్తుందంటారు.
ఈ కుండలో ఏ గింజ నలిపినా
వేరే ఇంటి వంట వాసన.

మొన్న శుక్రవారం కరెంటు పోయింది.
ముప్పై ఏళ్లలో మొదటిసారి
పని వేళ నా చేతులు ఊరికే ఉన్నాయి.
తడి తుడుచుకుని నవల విప్పాను.
ఎండిన పిండితో అతుక్కున్న పేజీలు
అప్పడాల్లా విరిగొచ్చాయి.
పెళ్లి విందు. తొంభై కంచాలు.
ఒకరు తిని ఏడుస్తారు, ఒకరు గాల్లోకి లేస్తారు,
ఒకరు పాత దొంగతనం ఒప్పేసుకుంటారు.

"ఎలా ఉంది?" అంది నికానోరా.
చుట్టూ అంత నిశ్శబ్దంలో
నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.
"తిన్నవాళ్లందరికీ ఏదో ఒకటి అవుతోంది.
ఒక్కరికీ ఆకలి మాత్రం..."

కరెంటు వచ్చింది. మర అరిచింది.

"ఏంటీ?" అంది, చెవి దగ్గర చెయ్యి పెట్టి.

"బకెట్ ఇలా జరుపు" అన్నాను,
ఎక్కడ ఆపానో గుర్తుండడానికి
పేజీ మధ్య
ఒక మొక్కజొన్న పొట్టు పెట్టి.